బొద్దు కింద పరుపు

మంచి చేద్దామనుకుని చేసిన పని చెడు చేస్తే, దేవుడు మన మనసు చూస్తాడా, చేతులు చూస్తాడా? పదకొండేళ్లుగా ఈ సందేహం నన్ను వదల్లేదు. రోజూ దీపం ముందు అడుగుతూనే ఉన్నాను.

అది మా వదిన కరెంటు కుట్టు మిషను బల్లతో మొదలైంది. నేను వడ్రంగిని. అన్నయ్య పోయాక వదిన టైలరింగు షాపు పెట్టుకుంటే, ముచ్చటపడి బల్ల చేసి ఇచ్చాను. హుందాగా ఉంటుందని నాలుగు వేళ్లు ఎత్తు పెంచాను. వదిన పొట్టి మనిషి. బల్లకు తగ్గట్టు కుర్చీ ఎత్తు చేసుకుంటే కాలికి పెడల్ అందదు. రెండు ఇటుకలు పేర్చి, వాటి మీద పెడల్ పెట్టుకుంది.

"చిన్న పీట చేసి పెట్టు మరిదీ, చాలు" అంది.

"రేపే వదినా" అన్నాను. ఆ రేపు రాలేదు. కనబడ్డప్పుడల్లా "నా పీట ఇంకా చెట్టు మీదే ఉందా?" అని నవ్వేది. తర్వాత్తర్వాత అదీ మానేసింది.

పోయిన నెల మా అమ్మాయికి స్నేహితురాలు కుందేలు పిల్లంత ఉండే గినీ పిగ్‌ను ఇచ్చింది. బొద్దుగా ఉందని పేరే బొద్దు అయింది. బోనులో కింద ఏం పరచాలన్నదే గొడవ. మా ఆవిడ పాత పేపర్లు వేసింది. తడి పైనే నిలిచి కంపు కొట్టాయి. అమ్మాయి దూది పరిచింది. దాన్ని బొద్దు నమలబోయింది.

"నువ్వు వడ్రంగివి కదా నాన్నా, నువ్వే ఏదైనా పెట్టు" అంది అమ్మాయి.

ఛాతీ ఉబ్బిపోయింది. దేవుడి మందిరాలు చేసే దేవదారు చెక్కను చిత్రిక పట్టగా రాలిన పొట్టు నా దగ్గర సంచీడు ఉంది. బీరువాలో పెడితే పురుగు చేరదు. అంతకన్నా పవిత్రమైనది ఏముంటుందని బోను నిండా పోశాను. గదంతా ఘుమఘుమలాడింది.

పదో రోజుకి బొద్దు తుమ్మడం మొదలుపెట్టింది. ముక్కు కారింది. ఊపిరి తీస్తుంటే సన్నని ఈల. తిండి మానేసింది.

పశువుల డాక్టరమ్మ దాని ఛాతీకి గొట్టం ఆనించి విని, "కింద ఏం పరిచారు?" అంది.

"దేవదారు పొట్టండీ. మంచి వాసన."

"ఆ వాసనే దీని ఊపిరితిత్తులకి పడదండీ. తీసేసి మెత్తటి గుడ్డ పరవండి. మందు వేశాను. రేపటికల్లా తింటే సరే."

బొద్దును తువాల్లో చుట్టుకుని బయల్దేరాం.

దారిలో అమ్మాయి అంది, "నాన్నా, పెట్టమన్నది నేనే కదా. నా తప్పేనా?"

"కాదు తల్లీ. పొట్టు నాది" అన్నాను.

కబురు తెలిసి వదిన మెడలో టేపుతోనే వచ్చింది. "తోక మర్చిపోయిన ఎలుకకి ఇన్ని సేవలా!" అంటూనే బోను కొలుచుకుంది. పరుపు తెద్దామని నేనూ షాపుకి వెళ్లాను. కింద తడి పీల్చే తువాలు, పైన ఉన్నిలా మెత్తటి గుడ్డ పెట్టి కుడుతోంది. మధ్యలో ఇటుక జరిగింది. కిందికి చూడకుండానే బొటనవేలితో సర్దుకుని కుట్టుకుపోయింది. పీట మాట ఎత్తి దెప్పినా బాగుండేది.

పరుపు వేశాం. బొద్దు దాని మీద పడుకుంది. ఈల ఆగలేదు. దేవుడికి దండం పెట్టాను కానీ ఏమని అడగాలో తోచలేదు. పొట్టు పోసింది ఆయన కాదు కదా. అమ్మాయి బోను పక్కనుంచి లేవలేదు. ఇన్ని తలుపులు, ఇన్ని మంచాలు చేసిన చేతులకి ఆ పిడికెడు ప్రాణం కోసం చేయడానికి ఏ పనీ లేదు.

ఊరికే ఉండలేక నా పని కొట్టంలోకి వెళ్లాను. వాసన లేని చెక్క ముక్కలు ఏరి కోశాను.

మర్నాడు పొద్దున అమ్మాయి కేక. పరుగెత్తుకెళ్లాను. బొద్దు ఒక గడ్డిపరక నములుతోంది. ఒక్కటే. ఈల అలాగే ఉంది. మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లాం. "బతుకుతుంది. ఊపిరి మాత్రం ఇక ఇంతేనేమో" అంది డాక్టరమ్మ.

రాత్రి చేసిన పీట తీసుకుని షాపుకి వెళ్లాను.

"చెట్టు దిగిందన్నమాట!" అంది వదిన.

పెడల్‌ను పీట మీదికి మార్చి, "ఎత్తు సరిపోయిందా వదినా? తగ్గించనా?" అని ఈసారి అడిగాను.

కాలు ఆనించి చూసుకుంది. "ఒక్క వేలు తగ్గించు."

అక్కడే కూర్చుని తగ్గించాను. ఇటుకలు రెండూ నేనే మోసి బయట పెట్టాను.