డెక్కు దాటించిన రొట్టెలు

మా ఓడ హారియట్ డోన్ బాగా పొడవు. ముందు కొసన కెప్టెనూ, చుక్కాని చక్రం పట్టేవాళ్ళూ ఉంటారు. వెనక కొసన ఇంజనూ, బొయిలర్లలో బొగ్గు వేసే మేమూ, వంటగదీ. నడుమంతా ఇనుప ఖనిజం నింపిన కొట్లు, వాటి పైన బోసి డెక్కు. సుపీరియర్ సరస్సు నెమ్మదిగా ఉన్న రోజుల్లో ముందువాళ్ళు ఆ డెక్కు మీదుగా నడిచొచ్చి మాతోనే తిని వెళ్తారు.

ఆ నవంబరులో మేం డులూత్ రేవు వదిలిన మర్నాడు గాలి లేచింది. అలలు ఈ పక్క ఎక్కి ఆ పక్క దిగుతున్నాయి. రాకపోకలు ఆగిపోయాయి.

వంట డీలియాది. ఆమె మొగుడు ఒవెన్ ముందు భాగంలో చక్రం పడతాడు. బయల్దేరే పొద్దున ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఒడ్డున ఏదో ఒక పని చూసుకోమని ఆమె, వచ్చే ఏడూ ఓడేనని అతను. ఆ కోపంతోనే ఎవరి కొసకి వాళ్ళు పోయారు.

నా పని వేళ అయిపోయినా పడుకోబుద్ధి కాలేదు, కూచోబుద్ధీ కాలేదు. వంటగదిలోకి వెళ్తే డీలియా కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది.

“నిన్నట్నుంచి ముందువాళ్ళ కడుపులో ఏం పడలేదు, ఐనో.”

“బిస్కెట్లుంటాయిలే అక్కా.”

“అక్కడేముంటుందో నాకు తెలీదా? పొగాకుంటుంది.”

డెక్కు మీదకి ఎవరూ పోవడానికి వీల్లేదని చీఫ్ ఇంజనీరు టల్లక్ అప్పటికే తేల్చేశాడు.

అంతలో ఓడ పక్కకి తిరిగిపోయింది. అల వచ్చి అడ్డంగా కొట్టింది. గిన్నెలన్నీ నేల మీదికొచ్చాయి. ఓడ చాలాసేపు ఒరిగే ఉండి, మెల్లగా మళ్ళీ గాలికి ఎదురు తిరిగింది. ముందు కొసన ఏదో జరిగిందని ఇద్దరికీ అర్థమైంది. డీలియా రొట్టెలూ, ఉడికించిన పంది మాంసమూ మైనపుగుడ్డలో మూటగట్టి తన వీపుకి బిగించుకోసాగింది.

“ఇటివ్వక్కా,” అన్నాను. ధైర్యమేం కాదు. ఆ గదిలో ఇక ఉండలేకపోయాను.

టల్లక్ నన్ను నానా తిట్లూ తిట్టాడు. తిడుతూనే నా నడుముకి తాడు కట్టి, దాని కొసన ఉన్న కడియాన్ని డెక్కు పొడుగునా లాగి కట్టిన తీగకి తగిలించాడు.

“అలొస్తే పరిగెత్తకు. తీగని పెళ్ళాంలా వాటేసుకో.”

“నాకింకా పెళ్ళి కాలేదండీ.”

“అయితే ఇవాళ చేసుకో. పో.”

“ఆయనకేమైనా చెప్పాలా?” అని డీలియాని అడిగాను.

“నా కోపం తగ్గలేదని చెప్పు.”

సగం దారిలో అల నన్నెత్తి కొట్టు మూత మీద పడేసింది. ఊపిరాడలేదు. తాడు లాగి పట్టుకుంది. తర్వాతి అల వచ్చేలోపు పాక్కుంటూ చక్రం ఉండే ముందు గది తలుపు చేరాను.

లోపల కెప్టెన్ కింది అధికారి మేటు చక్రం పట్టుకుని ఉన్నాడు. ఒవెన్ గోడకి జారగిలబడి కూచున్నాడు. చక్రం చేతిలోంచి జారి గిర్రున తిరిగి అతని మోచెయ్యి విరగ్గొట్టిందట. కెప్టెన్ బ్రాంట్ రొట్టె తుంచి, నమిలి, “కాఫీ మర్చిపోయావేంరా,” అన్నాడు. మిగతావాళ్ళు మూట చుట్టూ చేరి తిన్నారు.

డీలియా మాట ఒవెన్‌కి చెప్పాను. నవ్వబోయాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“చెయ్యి సంగతి దానికి చెప్పకు.”

“చెప్పడానికి వెనక్కెళ్ళే దారేదీ?” అన్నాను.

కివీనా ద్వీపకల్పం చాటుకి చేరాక గాలి పడిపోయింది. మంచు పేరుకున్న డెక్కు మీద అడుగులో అడుగేసుకుంటూ డీలియా వచ్చింది. ఆ చెయ్యి చూసింది. తిట్టలేదు. కూచుని, అతని బూట్లు విప్పి, పాదాలు ఒళ్ళో పెట్టుకుని వేడెక్కేదాకా రుద్దింది.

చెయ్యి వంకరగా అతుక్కుంది. చక్రం పట్టే పని పోయి, ఒవెన్‌కి అష్టబ్యులా ఊళ్ళో రైలు గేటు కాపలా దొరికింది. ఇద్దరూ ఒడ్డున కాపురం పెట్టారు, వాళ్ళని మళ్ళీ చూడననుకున్నాను.

వసంతంలో సరస్సు మంచు కరిగి ఓడెక్కితే, వంటగదిలో డీలియా.

“ఇదేంటక్కా? ఆయనేడీ?”

“గేటు దగ్గర. ఆయనకక్కడ హాయిగానే ఉంది.” చేతిలో కత్తి ఆపకుండానే అంది. “నాకే నిద్ర పట్టలేదు ఐనో. ఇల్లు కదలదు.”

బంగాళాదుంపల బుట్ట నా వైపు తోసింది. కూచుని తొక్క తీయడం మొదలుపెట్టాను. కింద ఇంజను మోత అందుకుంది.