ఒకటో నంబరు ట్యాంకు

ఆడపడుచుకి వదినలో తప్పులు వెతకడమే పని అంటారు. మా వదిన నన్ను కూర్చోబెట్టి, టీ ఇచ్చి మరీ ఆ పని అప్పజెప్పింది.

ఆమె ఉద్యోగం నీటి సరఫరా ఆఫీసులో. ఊళ్లోని ఏడు పెద్ద ట్యాంకులూ, వాటిని కలిపే పైపులూ, గంటగంటకీ తెరుచుకుని మూసుకునే వాల్వులూ అన్నీ కలిపి కంప్యూటర్లో ఒక నమూనా కట్టింది. ఏ ట్యాంకులో ఎప్పుడు ఎన్ని నీళ్లుంటాయో అది చెబుతుంది. వచ్చే సోమవారం నుంచి పంపులు ఆ నమూనా చెప్పిన వేళల్లోనే తిరుగుతాయి. గుట్ట మీది ఆసుపత్రి ట్యాంకు కూడా ఆ ఏడింటిలో ఒకటి. అన్నయ్యకి డయాలసిస్ చేసేది అక్కడే. ఆ మిషన్లకి బిందెలతో మోస్తే సరిపోదు, ధార ఆగకూడదు.

"కాలేజీలో పిల్లల లెక్కలు దిద్దుతావుగా, నాదీ ఓసారి చూసిపెట్టు. పోయినేడాది రీడింగులతో అచ్చు గుద్దినట్టు సరిపోయింది. అయినా ఎందుకో గుబులుగా ఉంది," అంది.

అచ్చు గుద్దినట్టు అనగానే నాకు అనుమానం. నా బుద్ధే అంత. జరిగిపోయినదానితో సరిపోయినంత మాత్రాన, జరగబోయేదానికి ఆ లెక్క పనికొస్తుందని ఎవరు చెప్పారు? రీడింగులు పక్కకి నెట్టి, ఆమె రాసుకున్న సమీకరణాలు ముందేసుకున్నాను. నమూనా నడవాల్సింది వాటి ప్రకారమే. నమూనాని నడపకుండానే వాటినుంచి ఏమేం తేల్చవచ్చో చూడాలనిపించింది.

మొదటిది, నీళ్లు గాల్లోంచి పుట్టకూడదు, గాల్లో కలవకూడదు. వచ్చినవీ, పోయినవీ, నిలవున్నవీ కూడి చూశాను. చుక్క తేడా లేదు. వదిన ముఖం వెలిగింది. నాకు మాత్రం కాస్త చప్పగా అనిపించింది.

రెండోది కాస్త చిలిపి ఆలోచన. సమీకరణాలకి కావలసింది ట్యాంకు ఎత్తూ, పైపు లావూ, జనం వాడకమూ. ట్యాంకు నంబరుతో వాటికి పనిలేదు. అంటే నంబర్లు తారుమారు చేసినా నీళ్లు మారకూడదు. ఒకటో నంబరులో ఉన్న ఆసుపత్రిని ఏడుకి తోసి, కొత్త వేళలతో నమూనాని మళ్లీ నడిపాను.

తెర మీద తెల్లవారేసరికి ఆసుపత్రి ట్యాంకు ఎండిపోయింది.

"ఏం కెలికావే?" వదిన కుర్చీ లాక్కుని వచ్చింది.

"నంబరే మార్చాను వదినా, ఒట్టు!"

తప్పులో కాలేసింది నేనేనేమో అనుకున్నాను. కాగితం మీద ఒక బుల్లి ఊరు గీశాను. మధ్యలో ఒక ట్యాంకు, చెరోపక్కా అన్నివిధాలా ఒకేలాంటి రెండు. సమీకరణాల ప్రకారం ఆ రెండింటికీ సమానంగా రావాలి, అందులో వాదనకి తావే లేదు. అదే ఊరిని నమూనాకి ఇచ్చాం. మధ్య ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు రెండింటికీ సరిగ్గానే అందాయి. నీళ్లు తగ్గగానే చిన్న నంబరుదే రాజ్యం.

ప్రోగ్రాం తెరిచి చదివితే విషయం బయటపడింది. నిజంలో ట్యాంకులన్నీ ఒకేసారి లాగుతాయి. నమూనాలో ముందు ఒకటో నంబరు తనకి కావలసింది తోడుకుంటోంది, మిగిలినదాంట్లోంచి రెండు, ఆ తర్వాత మూడు. పోయినేడాది నీళ్లకి కొదవలేదు కాబట్టి, ఎవరు ముందు తోడినా అందరికీ దక్కాయి. కొత్త వేళల్లో పంపులు తక్కువసేపు తిరుగుతాయి, అయినా ముందు తోడుకునేది ఒకటో నంబరు కాబట్టి ఆసుపత్రికి లోటు కనిపించలేదు.

అన్నీ ఒకేసారి లాగేట్టు ఇద్దరం కలిసి సరిచేశాం. ఇప్పుడు ఏ నంబరు ఇచ్చినా ఒకటే జవాబు. కొత్త వేళలు పెడితే ఆసుపత్రికి నీళ్లు చాలవు.

"అసలు ఆసుపత్రికి ఒకటో నంబరు ఎందుకిచ్చావ్ వదినా?"

"మీ అన్నయ్య వెళ్లే చోటు కదే. ఎక్కడో చివర్న పెట్టడానికి మనసొప్పలేదు," అంది.

ముందు పెద్ద ఇంజనీరుకి ఫోన్ చేసింది. "సోమవారం వేళలు మార్చొద్దు సార్. తప్పు నా నమూనాలోనే ఉంది," అని తడబడకుండా చెప్పింది. ఆ తర్వాత అన్నయ్యకి చేసింది.

"ఏమండీ, మీ చెల్లెలు మిమ్మల్ని ఒకటో నంబరు నుంచి ఏడుకి దింపేసింది," అంది, ఏడుస్తూనే నవ్వుతూ. "మంచిపని చేసింది. మీకు పెద్దపీట వేశాననుకుని, మీ నీళ్లు నేనే ఆపేసేదాన్ని."