మఖ్లూఫ్ ఇంటి పాలు

వలస వచ్చిన మమ్మల్ని లారీల్లో తెచ్చి ఈ ఇసుక నేల మీద దింపిన ఏడాది టమాటాలు వేసి చేతులు కాల్చుకున్నాం. ఆ తర్వాతే ఆవులు వచ్చాయి. మా మోషావ్‌లో, అంటే మా సహకార రైతుల ఊళ్లో, ఎవరి పొలం వాళ్లదే, ఎవరి పశువులు వాళ్లవే. దాణా కొనడం, పాలు అమ్మడం మాత్రం అందరం కలిసి. పాల కేంద్రంలో ఇంటికిన్ని పాలు పోయాలని వాటా ఉంటుంది. నెల రోజులు వరసగా తగ్గితే అది వేరే ఇంటికి పోతుంది.

ఆ చలికాలం మఖ్లూఫ్ గడ్డివాము మీది నుంచి పడి, నడుము విరిగి ఆసుపత్రిలో చేరాడు. ఊరి పద్ధతి ప్రకారం పొద్దున పూట అతని ఆవులను వంతులవారీగా మేమే పితికాం. కొత్త చేతులకు అవి సరిగా చేపలేదు. క్యాను సగమే నిండేది. వాటా పోతే అతని భార్య హనీనా ఆవులను అమ్ముకోవలసిందే.

రోజూ క్యాన్లు కేంద్రం అరుగు మీద పెట్టి ప్రార్థనకు వెళ్తాం. నేను కాస్త వెనకబడి, నా క్యానులోంచి కొన్ని పాలు ఆమె క్యానులో పోసేవాణ్ని. ఎవరికీ చెప్పలేదు.

నెల తిరిగాక సంఘం సమావేశంలో కేంద్రం చూసే ఎఫ్రాయిమ్ లేచాడు.

"హనీనా క్యాను ఇప్పుడు అంచు దాకా నిండుతోంది. మఖ్లూఫ్ ఉన్నప్పుడు కూడా అంత నిండలేదు. మీ అందరివీ తగ్గాయి. యఈష్, నీ ఆవులకు ఏమొచ్చిందయ్యా?"

"మఖ్లూఫ్ మీద బెంగ పెట్టుకున్నాయి," అన్నాడు యఈష్.

అందరూ నవ్వారు. ఒకరి మొహం ఒకరు మాత్రం చూసుకోలేదు.

"అయితే హనీనా వాటా పెంచి మీవి కోస్తాను. రూలు రూలే."

హనీనా నిలబడింది. "ఎఫ్రాయిమన్నా, సాయంత్రం పితికేది నేనే. మా ఆవుల పొదుగు సంగతి నాకు తెలియదా? అవి నా పాలు కావు. పోసిన చేతులు చల్లగుండాలి. కానీ రేపు ఆయన తిరిగొచ్చి ఆ క్యాను ఎట్లా నింపుతాడు? నా సగం నన్ను సగంగానే పంపనివ్వండి."

"వాటా పోతుందమ్మా."

"పోనీ."

"పోసిందెవరు?" అని ఎఫ్రాయిమ్ అడిగాడు. పేరు చెప్పని దానమే గొప్పదని చదువుకున్నాం. కొలతలో అబద్ధం పాపమనీ చదువుకున్నాం. మేం చేసింది ఈ రెంటిలో ఏదో నాకు ఇప్పటికీ తేలలేదు.

చివరికి యఈష్ అన్నాడు: "రూలే మార్చు. మంచాన పడ్డవాడి వాటా ముట్టకూడదని రాయి."

చేతులన్నీ లేచాయి. అందరికంటే ముందు లేచింది ఎఫ్రాయిమ్‌దే.

మర్నాడు పితకడం నా వంతు. నేను మూత బిగించేదాకా హనీనా పక్కనే నిలబడి చూసింది. ఆ తర్వాత అరుగు దాకా కూడా వచ్చి, మేమంతా ప్రార్థనకు వెళ్లేదాకా తన క్యాను దగ్గరే ఉంది.