వెనక చోటు

గుర్రం కడుపు ఉబ్బించింది. దొమితిలా జీనుపట్టీ చేతిలో పట్టుకుని ఆగింది. జీను వేసినప్పుడల్లా అది చేసే పనే. గాలి బిగబడితే పట్టీ వదులుగా ఉండిపోతుందని దాని ఆశ. ఎంతసేపు బిగబడుతుంది? కాసేపటికి ముక్కుల్లోంచి ఆవిరి తెల్లగా బయటికి వచ్చింది. ఆమె మోకాలు దాని డొక్కకు ఆనించి పట్టీని ఒక్క లాగు లాగి బిగించింది.

గుడారాల మీద మంచుపొర ఇంకా కరగలేదు. కొలను అవతల మంచునది కొసన ఎండ పడింది గాని ఈ ఒడ్డుకు రావడానికి ఇంకా వ్యవధి ఉంది. వంట గుడారంలో స్టవ్వు బుసకొడుతోంది. వంటవాడు ఇసిద్రో రేకు గ్లాసును రెండు చేతుల మధ్య పట్టుకుని వచ్చాడు.

"అత్తా, టీ. చక్కెర ఎక్కువేశాను, నీ నోరు తీపవుతుందేమోనని."

"నా నోటి సంగతి తర్వాత. నిన్న సూపులో ఉప్పేసింది నువ్వా, నీ పగవాళ్లెవరన్నానా?"

"టూరిస్టు గ్రింగోలు రెండేసి గిన్నెలు తాగారు."

"ఇంత ఎత్తున నడిచొచ్చాక వాళ్లకి నా చెప్పులు ఉడికించి పెట్టినా తింటారు."

ఇసిద్రో ఆమె టైరు చెప్పుల వంక చూసి నవ్వుకుంటూ పోయాడు. అతను వెళ్లేదాకా ఆమె గ్లాసు నోటి దగ్గర పెట్టలేదు. ఒక గుక్క తాగింది. ఊపిరి తీసుకుంది. మళ్లీ ఒక గుక్క. మాట్లాడటం, తాగడం, నిలబడటం మూడూ ఒకేసారి కుదరడం లేదు, వానలు వెళ్లినప్పటి నుంచి.

దొమితిలా పని అందరికన్నా వెనక నడవడం. సరుకు మోసే గుర్రాలు తెల్లవారగానే ముందు పోతాయి. తర్వాత గైడు యేనీ అనే అమ్మాయి, ఆమె వెంట టూరిస్టులు. వాళ్ల వెనక జీను వేసిన ఖాళీ గుర్రం, దాని పగ్గం పట్టుకుని దొమితిలా. ఎవరికైనా తల తిరిగితే, కాలు మడతపడితే, ఊపిరి అందకపోతే ఎక్కించడానికి ఆ గుర్రం. చాలా రోజులు ఎవరూ ఎక్కరు. అది ఖాళీగానే కొండ ఎక్కి, ఖాళీగానే దిగుతుంది.

టూరిస్టులకు ఆ గుర్రమంటే పడదు. మొదటిరోజు ఫొటోలు తీస్తారు, మెడ నిమురుతారు. రెండోరోజుకు అది ఎందుకొస్తోందో అర్థమవుతుంది. అప్పటినుంచి వెనక్కి తిరిగి చూసి, వెంటనే మొహం తిప్పుకుంటారు. ఆమె మాత్రం వాళ్లను చూస్తూనే ఉంటుంది. మాటలు తగ్గించినవాళ్లను, నీళ్ల సీసా మరిచిపోయినవాళ్లను, ఊదారంగు మొక్కజొన్న నమిలినట్టు పెదాలు రంగు మారినవాళ్లను.

గుర్రాలవాళ్ల పెద్ద ఫోర్తునాతో సంచులు కట్టించి ఆమె దగ్గరికి వచ్చాడు. చనిపోయిన ఆమె భర్త అన్సెల్మోకు అతను తమ్ముడు. ఎవరు ఏ చోట నడవాలో అతనే చెబుతాడు.

"వదినా, నిన్న నువ్వు గుడారాలకి వచ్చేసరికి మేం గుర్రాలకి మేత కూడా వేసేశాం."

"వెనక నడిచేదాన్ని వెనకాలే వస్తాను. ముందొస్తే బాగుంటుందా?"

"నీ ముందు నడిచిన టూరిస్టాయన వచ్చి, బూట్లిప్పి, నిద్ర కూడా పోయాడు. అప్పుడొచ్చావ్."

"దారిలో ఒంటికెళ్లాను. అదీ నీకు చెప్పే వెళ్లాలా మరిదీ?"

తాళ్లు బిగిస్తున్న ఇద్దరు నవ్వారు. ఫోర్తునాతో నవ్వలేదు.

"ఇవాళ పలొమని కనుమ. అది ఎక్కేలోపు నువ్వు ఎక్కడన్నా కూర్చున్నావంటే రేపట్నుంచి పగ్గం మా కోడలు విల్మా పట్టుకుంటుంది. వాళ్ల ఊరు కనుమ అవతలే, కబురు పెడితే పొద్దున్నే వచ్చేస్తుంది. నీ మీద కోపంతో కాదు. వెనకున్న మనిషే పడిపోతే ముందున్నవాళ్లకి ఎవరు చెప్తారు?"

"కూర్చోను" అంది దొమితిలా.

ఆ పగ్గం ఒకప్పుడు అన్సెల్మోది. అతను కొండ దిగి వచ్చి ఎవరు ఎక్కారో, ఎవరు ఏడ్చారో చెబుతుంటే ఆమె ఉన్ని వడుకుతూ వినేది. అతను పోయాక గుర్రం రాళ్లదొడ్డిలో ఊరికే నిలబడి ఉండటం చూడలేక, ఒకరోజు తనే పట్టుకుని బయల్దేరింది. ఆడమనిషి గ్రింగోల వెనక నడవడమేమిటని ఊళ్లో గొడవైంది. ఆ రోజు ఆమె తరఫున కేకలు వేసి అందరినీ ఒప్పించినవాడు ఈ ఫోర్తునాతోనే.

ఇంట్లో ఆమెను ఎవరూ ఒక్క మాట అనరు. ఉన్ని కోసం పెంచే అల్పకాల మందను కొడుకు చూసుకుంటాడు. ఆమె లేచేసరికి కొడుకు భార్య పొయ్యి వెలిగించి, నీళ్లు తెచ్చి ఉంటుంది. గొర్రెతోలు పరిచి, కూర్చో అత్తా అంటుంది. ఆ కూర్చోమనడమే ఆమెకు పడదు.

దారి కొలను ఒడ్డు వదిలి, మంచునది ఏనాడో తోసుకొచ్చి పడేసిన రాళ్లగుట్ట మీదుగా ఎక్కుతుంది. ఎడమ చేతివైపు మంచు. దూరానికి తెల్లగా కనిపిస్తుంది గాని దగ్గరికొస్తే మట్టిచారలతో, పగుళ్ల లోపల నీలంగా ఉంటుంది. ఎండ తగలగానే లోపలెక్కడో విరుగుతున్న చప్పుడు. టూరిస్టులు ఆ చప్పుడుకు ఆగి తలెత్తారు. గుర్రం చెవి కూడా కదపలేదు.

టూరిస్టులు ఏడుగురు. చివర పసుపు కోటు వేసుకున్న భారీమనిషి. తెల్ల గడ్డం, రెండు చేతుల్లో రెండు కర్రలు. ఆయన ఆగినప్పుడల్లా దొమితిలా ఆగింది. ఆయన ఆగడం ఆమెకు మేలే అయింది. ఆగనప్పుడే ఇబ్బంది. అలాంటప్పుడు ఆమె గుర్రాన్ని నిలబెట్టి, పట్టీ వదులైందేమో చూస్తున్నట్టు దాని పక్కన వంగి, నుదురు జీనుకు ఆనించి ఊపిరి పీల్చుకునేది. పైనుంచి ఎవరైనా చూస్తే పట్టీ బిగిస్తోందనే అనుకుంటారు. ఊరికే చెయ్యి పెడితే బాగుండదని నిజంగానే ఒక కన్నం బిగించేది. ఇంకోచోట ఇంకో కన్నం. గుర్రం మెడ తిప్పి ఆమె వంక చూసింది.

"తెలుసులే. కాస్త ఓర్చుకో" అంది దానితో.

గుర్రం పేరు ఓకే. వాళ్ల క్వెచువా భాషలో బూడిదరంగు అని. పుట్టినప్పుడు అది అదే రంగులో ఉంటే అన్సెల్మో ఇంకో పేరు వెతకలేదు. టూరిస్టులకు మాత్రం ఆ మాట వేరు. ఎవరో ఒక రాయి దగ్గర ఒగరుస్తూ నిలబడతారు. వెనకనుంచి దొమితిలా గుర్రాన్ని "ఓకే!" అని అదిలిస్తుంది. తమ క్షేమం అడుగుతోందనుకుని వాళ్లు పౌరుషంగా బొటనవేలు ఎత్తి "ఓకే, ఓకే" అని మళ్లీ నడక మొదలుపెడతారు. తన పేరు విని గుర్రం వాళ్ల పక్కకు పోయి నిలబడుతుంది. వాళ్లు ఇంకా గబగబా నడుస్తారు. పగ్గం తన చేతిలో ఉన్న రోజుల్లో అన్సెల్మో ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఆమె కడుపు పట్టుకుని నవ్వేది.

రాళ్లగుట్ట అయిపోయి ఎర్రమట్టి ఏటవాలు వచ్చింది. అడుగు వేస్తే సగం అడుగు కిందికి జారుతుంది. పైన కనుమ దగ్గర ముందు వెళ్లినవాళ్లు చుక్కల్లా ఉన్నారు. గైడు యేనీ వాళ్లకూ పసుపు కోటాయనకూ మధ్య ఉంది. గాలి అవతలి లోయలోంచి వచ్చి దొమితిలా పావడాలను కాళ్లకు చుట్టేసింది. అలుపు తెలియకుండా ఆమె దవడన పెట్టుకున్న కోకా ఆకు రసం ఎప్పుడో అయిపోయింది. కొత్తది తీయడానికి చెయ్యి రాలేదు. ఛాతీలో నొప్పి లేదు. లోపల ఎవరో తడి ఉన్నిమూట పెట్టి నెమ్మదిగా పైకి తోస్తున్నట్టు ఉంది.

ఇంక కొంచెం, అనుకుంది. కనుమ దాటితే తర్వాత అంతా దిగుడే. దిగుడులో ఎవరు ఊపిరి ఎలా పీలుస్తున్నారో ఎవరూ చూడరు.

పసుపు కోటాయన ఒక రాయి చూసుకుని కూర్చున్నాడు. ఆమె నిలబడింది. చివర నడిచేవాళ్లు కూర్చోకూడదు. ఆయన నీళ్లు తాగాడు, బెల్టు సవరించుకున్నాడు, లేచాడు. నాలుగడుగులు వేశాడు. ఆమె కూడా అడుగు వేయబోయింది. మోకాళ్లు అడ్డం తిరిగాయి. కింద పడినట్టు కాదు, పొయ్యి ముందు కూర్చున్నట్టే నెమ్మదిగా కూర్చుంది. పగ్గం చేతిలోంచి జారిపోయింది.

రాళ్లు దొర్లిన చప్పుడుకు ఆయన వెనక్కి చూశాడు.

"ఓకే?" అని అడిగాడు.

ఆమె లేవడానికి మట్టిలో చెయ్యి ఆనించింది. చెయ్యి కూడా జారింది.

"ఓకే?" ఈసారి గట్టిగా అరిచాడు.

గుర్రం చెవులు నిక్కించింది. ముందు ఆయన వంక చూసింది. ఆయన నిలబడే ఉన్నాడు. తల తిప్పి, కూర్చున్న మనిషి దగ్గరికి వచ్చి, ఎప్పుడూ నిలబడినట్టే ఎడమ డొక్క అందేలా పక్కగా నిలబడింది.

యేనీ పరుగున కిందికి వచ్చింది. ఆమె మొహం దగ్గర మొహం పెట్టి చూసింది.

"అమ్మా, ఊపిరి ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"పుట్టినప్పట్నుంచి పీలుస్తూనే ఉన్నా తల్లీ."

యేనీ సంచిలోంచి ఆక్సిజన్ సీసా తీసింది. ఈలోగా కనుమ మీదనుంచి ఫోర్తునాతో ఎర్రమట్టిలో జారుకుంటూ దిగి వచ్చాడు. వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"కూర్చోలేదు. కాలు జారింది" అంది దొమితిలా.

"అవును వదినా. జారింది."

"లేస్తాను."

"లేద్దువుగాని."

గాలి వీస్తోంది. ఆమె లేవలేదు. అతను ఎదురు చూశాడు. చివరికి పగ్గం తీసుకుని, "ఎక్కు" అన్నాడు.

"అది వాళ్లది."

"వాళ్లెవరూ అడగలేదుగా."

"అడుగుతారు. ఆ కోటాయన పెదాలు చూడు."

తన గురించే అనుకుంటున్నారని గ్రహించి ఆయన "ఓకే, ఓకే" అన్నాడు. గుర్రం చెవి ఆయన వైపు తిరిగింది. ఫోర్తునాతోకు నవ్వు ఆగలేదు. ఆమెకు కూడా. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గితే చాలాసేపు ఆగలేదు. ఆ తర్వాత ఆమె కాదనలేదు.

ఇన్నేళ్లలో ఆమె ఆ గుర్రం ఎక్కలేదు. ఎక్కవద్దని ఎవరూ అనలేదు, గుర్రాన్ని ముందే అలసిపోనివ్వకూడదని ఎక్కలేదు, అంతే. రికాబులు పొడుగుకాళ్ల వాళ్లకోసం కట్టినవి. చివరి కన్నం దాకా లాగినా ఆమె పాదం అందలేదు. ఫోర్తునాతో చేతితొడుగులు పళ్లతో ఊడబీకి, రెండువైపులా తోలుపట్టీలను మడిచి ముడులు వేశాడు. గట్టి తోలు, చలికి బిర్రబిగిసి ఉంది. ముడిపడటానికి మోకాలితో నొక్కిపట్టాల్సి వచ్చింది. తర్వాత అతనొకవైపు, పసుపు కోటాయన ఒకవైపు పట్టుకుని ఆమెను జీను మీద కూర్చోబెట్టారు. టైరు చెప్పులు రికాబుల్లో సరిగ్గా కుదురుకున్నాయి.

గుర్రం నడిచింది. దాని డొక్క ఊపిరితో పొంగడం, తగ్గడం పిక్కలకు తెలుస్తోంది. పొంగినప్పుడు పట్టీ ఒరుసుకుంటోంది.

"ఆపు మరిదీ. పట్టీ రెండు కన్నాలు వదులు చెయ్యి. పొద్దున్నుంచి పాపం దీన్ని చంపేశాను."

అతను వదులు చేశాడు. కొంత పైకి వెళ్లాక ఆమె మెడ తిప్పి చూసింది.

"వెనకెవరున్నారు?"

"పసుపు కోటాయన."

"ఆయన వెనక?"

"ఎవరూ లేరు."

"మరి నువ్విక్కడేం చేస్తున్నావ్?"

ఫోర్తునాతో పగ్గం యేనీ చేతికిచ్చి, దారి పక్కన నిలబడి పసుపు కోటాయనను ముందుకు పోనిచ్చి, ఆయన వెనక నడిచాడు. ఊళ్లోని గుర్రాలన్నిటికీ పెద్దయిన మనిషి అందరికన్నా చివర కనుమ ఎక్కాడు.

కనుమ మీద కాసేపు ఆపారు. చుట్టూ మంచు శిఖరాలు, వాటిమధ్య కిందికి దిగుతున్న తెల్లటి మంచునదులు. ఎప్పుడూ చూసేవే. ఇంత ఎత్తునుంచి చూడటం మాత్రం ఇదే మొదటిసారి. ఆమె శిఖరాల వంక ఎక్కువసేపు చూడలేదు. ఎవరి పెదాలు ఎలా ఉన్నాయో వరసగా చూసి, "పోదాం" అంది.

అవతలి గుడారాల దగ్గర ఇసిద్రో ఎండు బంగాళాదుంపల సూపు ఇచ్చాడు. ఆమె సగం తాగి, "ఇవాళ ఉప్పు సరిగ్గా పడింది" అంది. ఇసిద్రో గరిటె తుడుచుకున్నాడు. తెల్లారగానే కింద ఊరి ఆసుపత్రికి తీసుకుపోవాలని యేనీ అంది. సరేనంది. ఫోర్తునాతో పక్కన వచ్చి కూర్చున్నాడు.

"విల్మాకి కబురు పెట్టావా?"

"పెట్టాను."

"చెప్పు ఆ పిల్లకి. జీను వేసేటప్పుడు కడుపు ఉబ్బిస్తుంది. తిట్టకూడదు, ఆగాలి. వదిలాక బిగించాలి."

"రేపు వస్తుందిగా. నువ్వే చెప్పు."

"ఇంకోటి. వెనకనుంచి ఎవర్నీ తొందరపెట్టకూడదు. మనం ఆగితే వాళ్లు ఆగుతారు. అంతే పని."

"అంతే పనా? దానికా ఇంత పట్టుబట్టావ్ ఇన్నాళ్లూ?"

"నా చోటు నాది" అంది దొమితిలా. "ఇంటికెళ్లి కూర్చుంటాలే ఇంక. ఉన్ని చాలా ఉంది."

వంట గుడారంలో మూటల మధ్య వెచ్చటి చోటు చూసి పడుకోబెట్టారు. పొద్దున ఇసిద్రో చక్కెర ఎక్కువ వేసిన టీ పట్టుకుని పిలిచాడు. రెండోసారి పిలవలేదు. గ్లాసు కింద పెట్టి, టోపీ తీసి, ఫోర్తునాతోను లేపడానికి వెళ్లాడు.

విల్మా వచ్చేసరికి దొమితిలాను దుప్పట్లలో చుట్టడం అయిపోయింది. జీను మీద అడ్డంగా పడుకోబెట్టడం కుదరదు. జీను తీసేసి, గుర్రం వీపు మీద గొర్రెతోళ్లు మడిచి పరిచి, ఆమెను దానిమీద కట్టారు. విల్మా పగ్గం పట్టుకుంది. ఫోర్తునాతో వెనక నడిచాడు. వాళ్లు లోయలోకి దిగిపోయాక యేనీ టూరిస్టులను తీసుకుని మరో దారిన బయల్దేరింది. పసుపు కోటాయన అందరికన్నా చివర నిలబడి, ముందున్నవాళ్లు కదిలాక కదిలాడు.

జీను గుడారాల పక్కనున్న రాళ్లదొడ్డి గోడమీద ఉండిపోయింది. దాని రికాబులు రెండూ నేలకు చాలా ఎత్తులో, ఒక పొట్టి మనిషి కాళ్లకు మాత్రమే సరిపోయేలా, మంచు పట్టి బిగిసిన ముడుల కింద వేలాడుతున్నాయి.