తడి చెయ్యి, పొడి చెయ్యి

"సుజనా, జాడీ మీద చెయ్యి పెట్టబాకు!"

అప్పటికే నేను గొడ్ల కొట్టంలో పేడ ఎత్తి, వాకిలి ఊడ్చి, ఇంటెడు గిన్నెలు తోమి, స్నానం చేసి వచ్చాను. వాటికి వేటికీ అంటని మైల నిమ్మకాయ ఊరగాయకి మాత్రం ఎలా అంటుతుందో మా అత్త రాఘవమ్మ ఎన్నడూ చెప్పలేదు. నెలసరి వచ్చినా నాకు చాకిరీ తగ్గదు, ఊరగాయల అలమరా మాత్రం దూరమవుతుంది. ఉదయగిరిలో పుట్టి, బీఎస్సీ చదివి, ఆత్మకూరుకి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. జాడీలో బూజు కనబడితే చాలు, "ఎవురో ముట్టినట్టుండారే" అని అత్త నా ముఖంలోకి చూస్తుంది. నేను కాదని ఒట్టు వేస్తాను. అలా వేసినందుకు నా మీద నాకే రోత పుడుతుంది.

ఆ రోజు నా పక్కన ఆరో తరగతి చదివే నా కూతురు చైత్ర ఉంది. "ముడితే ఏమవతాది అవ్వా?" అంది.

"బూజు పడతాది తల్లీ. రేపు నువ్వు పెద్దమనిషివైతే నువ్వూ ముట్టగూడదు" అంది అత్త, ప్రేమగానే.

ఆ ప్రేమకే నాకు భయం వేసింది. నా మీద పడ్డ మాటలు దిగమింగడం నాకు అలవాటే. వాటినే నా బిడ్డ కూడా మింగాలంటే మాత్రం నేను ఊరుకోను.

మరో రెండు నెలల్లో బడిలో సైన్సు ప్రదర్శన పెడుతున్నారు. పిల్లలు అమ్మానాన్నలతో కలిసి ఇంట్లో ఉన్న వస్తువులతోనే ఒక ప్రయోగం చేసి తేవాలి. మా ఆయన కేశవ ఫోన్లోంచి తల ఎత్తకుండా, "వంటసోడాలో వెనిగర్ పోస్తే అగ్నిపర్వతం పొంగతాది, యూట్యూబులో ఉండాది. చేయించు. ఇంట్లో ఖాళీగానే ఉండావు గదా" అన్నాడు. ఖాళీగా! సరే, ఆ ఖాళీలోనే మూడు గాజు సీసాలు వేడినీళ్లలో ఉడికించి ఎండబెట్టాను.

మా ఉదయగిరి కొయ్య గరిటెతో చైత్ర మూడు సీసాల్లోకీ ఒకే జాడీ ఊరగాయ తీసింది. ఒక సీసా ఎవరూ ముట్టలేదు. ఒకదాన్ని అదే రోజు, ఆ నెలసరిలోనే, నేను చేత్తో కలిపాను. మూడోది అత్త వంతు. "చూడండి మరి, ఎవురిది నిలస్తాదో" అంటూ హుషారుగా వచ్చింది. ఎప్పటిలాగే చెంబుతో చేతులు కడుక్కుని, నీళ్లు కారుతుండగానే కలిపింది. గుడ్డతో తుడుచుకుంటే మడి పోతుందని ఆవిడ నమ్మకం.

పది రోజులకు తెల్లటి బూజు అత్త సీసాలోనే పట్టింది.

"అమ్మా, అవ్వ చెయ్యే మంచిది కాదు!" అని చైత్ర చప్పట్లు కొట్టింది. అత్త ముఖం పాలిపోయింది. దాచుకోవడమెందుకు, ఒక్క క్షణం నాకు కడుపు చల్లబడింది. ఇన్నేళ్ల మాటలకు జవాబు ఆ సీసాలో కళ్లముందు తేలుతోంది. కానీ ఇంకో ఆడదాని చేతిని తప్పుపట్టి గెలిస్తే ఈ ఇంట్లో ఏం మారినట్టు? పైగా ఆ లెక్క కూడా తప్పే. "అవ్వ చెయ్యి తడిగా ఉంది, నాది పొడిగా ఉంది. చెయ్యి వల్లనో తడి వల్లనో ఇంకా మనకు తెలియదు. మళ్లీ చేద్దాం" అన్నాను.

మళ్లీ నెలసరి వచ్చేదాకా ఆగాం. ఈసారి అత్త మడి సంగతి పక్కనబెట్టి చేయి పొడిగా తుడుచుకుంది, నేను తడిచేత్తో కలిపాను. బూజు నా సీసాలో వచ్చింది.

అత్త రెండు సీసాలూ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. "మా అత్త బతికుండంగా జాడీ బూజు పడితే, నా చేతనే వీధంతా మోయించి పెంటకుప్పలో పారబోయించింది. అందరూ చూసినారు. నేను ముట్టలా సుజనా" అంది. అప్పటి కోడలు ఇప్పటికీ ఒట్టు వేస్తూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది.

ప్రదర్శనకు ముందురోజు అన్నం తింటూ కేశవ, సీసాల పక్కన పెట్టడానికి చైత్ర అట్ట మీద రాసింది చదివాడు. "ఏందిది? మనోళ్ల పిల్లలంతా ఆ బళ్లోనే ఉండారు. నేను ఊళ్లో తల ఎత్తుకోవద్దా? నెలసరి గిలసరి కొట్టేసి, 'ఒకరి చెయ్యి' అని రాయించు చాలు."

చైత్ర పెన్ను పట్టుకుని నా వైపు చూసింది.

"కొట్టెయ్యబాకు. 'నెలసరిలో ఉన్న మా అమ్మ చెయ్యి' అని ఇంకాస్త పెద్దక్షరాలతో రాయి. రేపు ఆ సీసాల పక్కన నేనే నిలబడి అందరికీ చెప్తాను" అన్నాను.

కేశవ తల్లి వైపు తిరిగాడు. "చూడమ్మా దీని వరస! నువ్వన్నా చెప్పు."

అత్త మజ్జిగ గిన్నె కింద పెట్టింది.

"దాని సీసా పక్కన అది నిలబడతాది సరే," అంది, "నా సీసా పక్కన ఎవురు నిలబడేది? నన్ను గూడా తీసకపోండి."