పొయ్యి దాకా వచ్చిన సముద్రం

ముప్పై ఒక్క ఏళ్లు తెనాలిలో ఫిజిక్స్ చెప్పాను. నెలాఖరుకి రిటైర్మెంట్. వీడ్కోలు ప్రసంగం ముందే రాసి పెట్టుకున్నాను: "నాకు తెలిసిందంతా చెప్పేశాను, ఇక మిగిలిందేమీ లేదు." ఆ వాక్యం చూసుకుని తెగ మురిసిపోయాను కూడా.

ఆ శనివారం మా చర్చి వాళ్లమంతా బస్సు మాట్లాడుకుని పొద్దున్నే బాపట్ల సముద్రానికి పిక్నిక్ వెళ్లాం. ఏటా పులావు ఒడ్డునే వండుకోవడం మాకు అలవాటు. సైన్సు టీచర్ని గనక పొయ్యి ఎక్కడ పెట్టాలో నేనే తేల్చాలి. ఇసుక గట్టిగా ఉందని నీళ్లకు దగ్గరగా ఇటుకలు పేర్పించాను.

వేరుశనక్కాయలు అమ్మే కోటేశ్వరమ్మ గంప దించి, "ఇక్కడొద్దమ్మా, కాసేపట్లో నీళ్లొస్తాయి" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నీళ్లను లాగేది చంద్రుడక్కా. నిన్న పౌర్ణమి. తెల్లారగానే అస్తమించి ఇప్పుడు భూమికి అటుపక్కనున్నాడు. ఇటు నీళ్లెలా వస్తాయి?"

గంటన్నరకి వచ్చాయి. పొయ్యి చుయ్యిమని ఆరిపోయింది. మావారు మనోహర్, ఇంకొకాయన డేగిసా ఎత్తుకుని పరుగెత్తారు. "నీ చంద్రుడు దారి తప్పాడేమో స్టెల్లా" అన్నారు మావారు రొప్పుతూ. చర్చి మొత్తం నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎలా వచ్చాయక్కా?" అని కోటేశ్వరమ్మనే అడిగాను.

"రోజుకు రెండుమాట్లు వస్తాయమ్మా, ఆయన కనపడినా పడకపోయినా. ఎందుకో నాకేం తెలుసు? చదువుకున్నదానివి, నువ్వే చెప్పాలి."

లెక్చరరుగా ఉన్న నా పాత స్టూడెంట్ జెన్నిఫర్‌కి ఫోన్ చేశాను. పగలబడి నవ్వి చెప్పింది: "అటుపక్క నీళ్లను చంద్రుడు ఎక్కువ లాగుతాడు మేడమ్, భూమిని కాస్త తక్కువ, ఇటుపక్క నీళ్లను ఇంకా తక్కువ. అలా వెనకబడ్డ నీళ్లే మీ పొయ్యి ఆర్పాయి. నీళ్లే కాదు, నేల కూడా లేస్తుంది. తెనాలిలో మీ ఇల్లు రోజుకు రెండుసార్లు జానెడు దాకా లేచి దిగుతుంది. చుట్టూ అన్నీ కలిసే లేస్తాయి గనక తెలియదంతే."

ఇన్నేళ్లు ఆ ఇంట్లో కాపురం చేస్తూ నాకీ సంగతే తెలియదు! సిగ్గు ఎటుపోయిందో, పట్టలేనంత సంతోషమేసింది.

"మరి మా బావిలో నీళ్లు కూడా అలా లేచి దిగుతాయటే?"

"అది నాకూ తెలీదు మేడమ్."

పులావు పలుకుగా మిగిలింది. అయినా అందరూ మళ్లీ వడ్డించుకున్నారు.

తిరుగు బస్సులో ప్రసంగం కాగితం తీసి, మురిసిపోయిన వాక్యం కొట్టేశాను. దాని కింద రాశాను: "పిల్లలూ, ఆటుపోట్ల పాఠం మీకు సగమే చెప్పాను. మిగతా సగానికి వచ్చే పౌర్ణమి మర్నాడు బాపట్ల రండి. పొయ్యి ఎక్కడ పెట్టాలో కోటేశ్వరమ్మ చెబుతుంది."