నాలుగు కుర్చీలు, ఒక్క చెయ్యి

మధ్యాహ్నం మూడయింది. పన్నెండో తల సగంలో ఉండగా అక్క చేతిలోంచి కత్తెర జారి నేలమీద పడింది.

అక్క అంటే ఆ పార్లర్ ఓనరు. చెయ్యి తిరిగిన మనిషని పేరు. రెండు నెలలుగా ఆ చెయ్యి తిరగడం మానేసింది. బొటనవేలి మొదట్లో పుట్టిన పోటు మోచేతి దాకా పాకింది. మూడు వారాలు కత్తెర ముట్టుకోవద్దని చెప్పిన డాక్టరు, ఆ నోటితోనే తన భార్యకి ఆదివారం అపాయింట్‌మెంట్ అడిగాడు.

వ్యాపారం పెంచాలని అక్క నిరుడు పక్కగది కూడా అద్దెకి తీసుకుంది. ఒక్కోటి పద్దెనిమిది వేలు పోసి మూడు కుర్చీలు కొంది. కుర్చీలు నాలుగయ్యాయి, చేతులు రెండే మిగిలాయి. కొత్త కుర్చీల్లో ఎవరికీ ఏ పనీ జరగదు. అక్క ఎప్పుడు ఖాళీ అవుతుందా అని వాటిలో కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. బోర్డు మీద ‘యజమాని స్వయంగా చేస్తారు’ అని రాయించింది ఎవరో కాదు, యజమానే.

ఆ మాట ఊరికే రాయించలేదు. పదేళ్ళ కిందట పని నేర్పిన గురువు దగ్గర్నుంచి వచ్చేస్తూ అక్క ఒక్కతే రాలేదు, ఆవిడ కస్టమర్లలో సగంమందిని వెంటబెట్టుకొచ్చింది. ఆర్నెల్లలో ఆ పార్లర్ మూతబడింది. అందుకే తన దగ్గర చేరినవాళ్ళెవరి చేతికీ అక్క కత్తెర ఇవ్వలేదు. తాళాల మీద శ్రద్ధ దొంగకే ఎక్కువ.

రోజంతా అందరికీ తలలో నాలుక. అత్తల పోరు, అల్లుళ్ళ అలక అన్నీ దువ్వుతూనే వింటుంది. తన మాట వినేవాళ్ళు లేరు. ఆయనది మిల్లులో రాత్రి డ్యూటీ. ఆలుమగలు మెట్ల మీద కలుసుకుంటారు, ఒకరు ఎక్కుతూ, ఒకరు దిగుతూ. “తిన్నావా?” “తిన్నా.” ఆ ఒక్క అబద్ధం మీదే కాపురం నడుస్తోంది. ఇవాళ్టి క్యారేజీ కూడా మూత తియ్యకుండా అలాగే ఉంది.

“అయ్యో! కాసేపు పిసుక్కో, నాకేం తొందర లేదు,” అంది కుర్చీలో ఉన్న లాయరు మేడం. “వచ్చే నెల మా అమ్మాయి పెళ్ళికి మటుకు పదకొండు మందిమి. అందరికీ నీ చెయ్యే పడాలి సుమా!”

ఆ లెక్కన పెళ్ళి అయ్యేలోపే చెయ్యి పడిపోయేట్టుంది అనుకుంది అక్క.

కిందపడ్డ కత్తెర తీసిచ్చింది పొడుగామె. నెలకి తొమ్మిది వేలకి నాలుగేళ్ళుగా ఇక్కడ తలలు కడుగుతోంది. ఓనరు కన్నా మూడేళ్ళు పెద్ద. అయినా అక్కా అనే పిలుస్తుంది, జీతమిచ్చేవాళ్ళు వయసుతో పనిలేకుండా పెద్దవాళ్ళు కదా. ఒకటో తారీఖు నుంచి రానని పొద్దున్నే చెప్పేసింది.

వెనకగదిలో తడి తువ్వాళ్ళ దగ్గర అక్క ఆమెని పట్టుకుంది.

“నిజంగానే మానేస్తావా?”

“ఏం చెయ్యనక్కా? నాలుగేళ్ళు తలలు కడిగా. ఇంక చేతులు కడుక్కుంటా.”

“ఎక్కడ చేరుతున్నావ్?”

“ఎక్కడా లేదు. మా వీధిలో ఇంటింటికీ వెళ్ళి చేసుకుంటా. ఆ వీధిలో ఆడాళ్ళందరికీ సెలవు రోజుల్లో కత్తిరించేది నేనే, నీకు తెలీదు.” తువ్వాలు పిండి దులిపింది. “నీ కస్టమర్లని లాక్కుపోతానని నీ భయం. వాళ్ళకి నా మొహమే తెలీదక్కా. కడిగేటప్పుడు కళ్ళు మూసుకునుంటారుగా!”

అక్క ఆమె చేతిలోంచి తువ్వాలు తీసి పక్కన పెట్టింది. ముందుగదిలోకి వచ్చి, “మేడం, మిగతాది ఈవిడ కత్తిరిస్తుంది,” అంది.

“ఎవరూ, తలలు కడిగేదా?” మేడం మెడకి కట్టిన గుడ్డతోనే లేచి నిలబడింది. “నువ్వు చేస్తే కూర్చుంటా. లేదంటే పెళ్ళికి కూడా వేరే చోటు చూసుకుంటాం. ఆలోచించుకో.”

పదకొండు తలలు. అంటే రెండు గదులకీ మూడు నెలల అద్దె. అక్క చెయ్యి అలవాటుగా కత్తెర మీదికి వెళ్ళింది. పోటు మోచెయ్యి దాటింది.

“నేను చెయ్యనండీ.”

పదేళ్ళలో ఆ మాట అనడం ఇదే మొదలు. కత్తెర పొడుగామె ముందుకి చాపింది. పొడుగామె తీసుకోలేదు.

“నీకే లేని నమ్మకం ఆవిడకి ఎక్కడ్నుంచి వస్తుందక్కా? ముందు నీ తల ఇయ్యి.”

ఎదురుచూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. మూడో కొత్త కుర్చీ ఖాళీగా ఉంది. అక్క వెళ్ళి అందులో కూర్చుంది. కొన్నాక దాంట్లో కూర్చోవడం అదే మొదటిసారి. క్లిప్పు తీసింది. ఊరందరి జుట్టూ దిద్దే మనిషి జుట్టు దువ్వెనకి మొహంవాచి ఉంది.

మెడ వెనక చల్లటి వేళ్ళు తగిలాయి. తన తల మీద ఇంకొకరి చెయ్యి పడి ఎన్నాళ్ళయిందో లెక్క అందలేదు. “ఇంకాస్త పైకి” అనబోయి, నాలుక కరుచుకుని కళ్ళు మూసుకుంది.

కత్తెర చప్పుడు వినిపిస్తోంది. తలుపు చప్పుడు మాత్రం ఇంకా కాలేదు. మేడం గుమ్మం దగ్గర నిలబడిందో, మళ్ళీ కూర్చుందో కళ్ళు తెరిస్తే తెలుస్తుంది.

అక్క తెరవలేదు.